తొట్టి చెడితే మేత ఆపాలి

రోజు 1

మొదటి తొట్టి వెచ్చదనం ముప్పై ఆరు. రెండోది ముప్పై ఏడు. మూడోది కడిగి ఆరబెట్టాను. పులుపు సరిగ్గానే ఉంది.

తొట్టి పుస్తకంలో రాయాల్సింది ఇంతే. మిగతాదంతా నా చేతి దురద. ఈ పుస్తకాన్ని తొట్టి కాపరి తప్ప ఎవరూ తెరవరు, ఆ కాపరిని నేనే కాబట్టి అడిగేవాడు లేడు.

ఈ రోజు దీపాల పనిచేసే పోశం పోయాడు. మూడు రోజుల జ్వరం, నెత్తురు విరేచనాలు. ఎనభై కిలోల మనిషి మంచానికి అతుక్కుపోయాడు. అయినా రోగుల పడకల గది బయట పలక మీద అతని అంకె అరవై నాలుగు ఉంది. వాళ్ళావిడ ఏడుస్తూనే దాన్ని అందరికీ చూపించింది. "అరవై నాలుగుతోని పోయిండు. కడుపు నిండ పోయిండు" అంది. అందరూ తలలూపారు. మా దగ్గర ఇంతకంటే మంచి చావు లేదు.

నా తర్వాత వచ్చే కాపరి కరువేళ్ళు చూడనివాడైతే వాడి కోసం నాలుగు ముక్కలు. ఏటా ఒక్కొక్కరం ఒక గుళిక మింగుతాం. అది చిన్నపేగు చివర అతుక్కుని, అక్కడిదాకా వచ్చిన తిండి బలం ఎంతో చూసి మణికట్టు పట్టీకి అంకె పంపుతుంది. కరువేళ్ళలో ఆ అంకె సున్నా. రెండు వస్తే పండగ. పైన ఎండకు పంటలు మాడిపోయి, ఈ పాత బొగ్గు గనిలోకి దిగి, తొట్లలో తిండి పెంచుకోవడం నేర్చుకునేలోపు సగంమంది ఆ సున్నాతోనే పోయారు. అందుకే ఇప్పటికీ ఎదురుపడితే "మంచిగున్నవా" అని అడగం, "అంకెంత?" అని అడుగుతాం. పది దాటిందంటే ఇద్దరం నవ్వుకుంటాం.

రోజు 3

తొట్లు మామూలే. పడకల గదిలో తొమ్మిదిమంది.

రోగం ఎక్కడినుంచి వచ్చిందో దొరికింది. మొలకల గదిలో కింది అరలో ఎలుక గూడు. దాని రొచ్చు నీళ్ళలో కలిసి, నీళ్ళు మొలకల్లో కలిసి, మొలకలు మన పళ్ళేల్లోకి వచ్చాయి. పచ్చివి తింటే రుచి అని ఎగబడి తిన్నాం కదా, అనుభవించాలి. అరలన్నీ కాల్పించాను.

పోయినవాళ్ళు పోగా, ఉన్నవాళ్ళను నిలబెట్టాలి. పక్కబుక్క మొదలైంది. ఎవరింట్లోనైనా జబ్బు పడితే ప్రతి ఇల్లూ తినేముందు ఒక బుక్క తీసి కుండలో వేస్తుంది. కుండలన్నీ నా దగ్గరికి వస్తాయి. వాటిని వడగట్టి, నా తొట్టి పిండి కలిపి బలపు రసం కాస్తాను. మాంసానికి బదులు మాకున్నది అదే. మూడు పూటలు ఇచ్చేదాన్ని ఈ రోజునుంచి ఆరు పూటలు చేశాను. నేనే చేశాను, ఎవరూ చెప్పలేదు. ఈ వాక్యం కింద గీత గీస్తున్నాను.

రోజు 5

అక్క పడిపోయింది.

మా లస్మక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను బతికించింది అక్కే. కరువేళ్ళలో తన వంతు నమిలి నా నోట్లో పెట్టేది, తను మింగినట్టు గొంతు కదిలించేది. నాకప్పుడు ఏడేళ్ళు. మోసం తెలిసేసరికి నాకు పదేళ్ళు వచ్చాయి. ఈ భూమ్మీద, భూమి కింద, నాకున్న ఒక్క మనిషి అక్క.

పొద్దున ఆమె అంకె పదకొండు. సాయంత్రానికి యాభై ఎనిమిది. గది బయట ఓదెలు బావ పలక చూసి చేతులు జోడించాడు. బావ గాలి మరలు బాగుచేసే మనిషి, మాట తక్కువ.

"రసం మంచిగ పడుతున్నది కౌసల్యా. యాభై ఎనిమిదంట. నీ చెయ్యి సల్లగుండ" అన్నాడు.

నేను కూడా సంతోషపడ్డాను. మిగతావాళ్ళ అంకె చూసి ఇంత పొంగలేదు, అందుకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

రోజు 6

రెండో తొట్టి చెడింది. పైన గోధుమరంగు నురగ, కుళ్ళు వాసన. రాత్రి పాళీవాడు మేత రెండింతలు పోశాడు. నా తొట్టిలో పెరిగే, కంటికి కనబడని మంచి పురుగులు తినగలిగినంత తిన్నాయి, మిగిలింది నీళ్ళలో తేలుతూ ఉంటే ఎక్కడినుంచో దొంగ పురుగు వచ్చి మేసింది. ఈ పనిలో మొదటి పాఠం అదే. తొట్టి చెడితే మేత ఆపాలి. జాలిపడి ఇంకాస్త పోశావో, పోసిందంతా దొంగకే.

మేత గొట్టం కట్టేసి, నురగ తీస్తూ ఉంటే చేతులు ఆగిపోయాయి.

పడకల గదికి పరుగెత్తాను. అక్కడ రోగుల్ని చూసుకునేది జైబున్. ఆమె మైల గుడ్డలు పిండుతోంది.

"జైబున్, ఇప్పటిదాంక పోయినోళ్ళ అంకెలు చెప్పు."

"పోశం అరవై నాలుగు. వెంకటి డెబ్బై. సున్నపుబట్టీ రాములమ్మ డెబ్బై ఆరు. ఎందుకక్కా?"

"బతికి లేచినోళ్ళు?"

ఆమె ఆలోచించింది. "ఒక్క శంకరే లేసిండు. ఆనికి నోట్ల పుండ్లుండె గదా, రసం మింగనే లేదు. ఉప్పునీళ్ళే తాగిండు. అంకె ఎన్నడు పదిహేను దాటలే."

జైబున్ గుడ్డలు వదిలేసింది, ఇద్దరం లెక్క కట్టాం. గుళిక ఉండేది చిన్నపేగు చివర. దారి పొడుగునా పేగు గోడ పీల్చుకోగా మిగిలింది మాత్రమే అక్కడికి వస్తుంది. కరువులో పీల్చుకోవడానికే ఏమీ లేదు కాబట్టి సున్నా. కడుపు నిండా తిన్నవాడికి కాస్త మిగులుతుంది కాబట్టి పది, పన్నెండు. మరి డెబ్బై మిగిలిందంటే? గోడ పీల్చుకోవడం లేదు. మనిషి తింటున్నాడు గానీ అది మనిషికి అందడం లేదు. పక్క గదికి, పెద్దపేగుకు, పోతోంది. అక్కడ ఏ దొంగ పురుగు కూర్చుందో మాకు తెలుసు.

రోజు 7

నాలుగు సీసాలు పెట్టాను. పని తొట్టికైనా పేగుకైనా ఒకటే.

మొదటి దాంట్లో నా సొంత పేగు పురుగులు, వాటిలో రోగుల దగ్గర తీసిన దొంగ పురుగు చుక్క. సాయంత్రానికి దొంగ ఆకలితో చచ్చింది. మనవాళ్ళు ముందే అన్నీ ఊడ్చి తినేశారు. రెండోది అదే, పైన రసం పోశాను. దొంగ పది రెట్లు పెరిగింది. మూడో దాంట్లో అక్క దగ్గర తీసిన విరేచనం నీళ్ళు, రసం లేకుండా. అందులో పెరుగుదల నెమ్మది, కానీ ఉంది. నాలుగో దాంట్లో అదే నీళ్ళు, రసంతో. మూత తీస్తే పైకి పొంగింది.

మూడో సీసాలో రసం లేకుండా ఏం తిని బతికిందా అని తొట్టి గదిలో ఉన్న పాత పుస్తకాలన్నీ తిరగేశాను. తెలిసింది రాస్తాను. దొంగ ముందు గోడను గిచ్చి వాపు తెప్పిస్తుంది. ఒళ్ళు కోపంతో మంట పుట్టిస్తుంది. ఆ మంటకు చచ్చేది మంచి పురుగులే. మంటలో పుట్టిన ఆవిరి లాంటి పదార్థాలతో దొంగ ఊపిరి తీసుకుంటుంది. గోడకు పూసి ఉన్న జిగురులోని తీపిని నాకుతుంది, రాలిన గోడ ముక్కల్ని మేస్తుంది. వాచిన గోడ పీల్చలేక వదిలేసిన బలాన్నంతా పట్టుకుంటుంది. అంటే రోగం దానికి అడ్డు కాదు. రోగమే దాని వంట. మేం దానికి ఆరు పూటలు వడ్డిస్తున్నాం.

సీసాలు పట్టుకుని మొగిలి దగ్గరికి పోయాను. మొగిలి మా మట్టానికి, అంటే గనిలో మేముండే ఈ అంతస్తుకు, పెద్ద. కరువులో ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్నాడు. అంతా విన్నాడు, నాలుగో సీసా వాసన కూడా చూశాడు.

"కౌసల్యా, నువ్వు చదివినదానివి. నేను కాదనను. కానీ మంచం మీదున్నోని నోటికాడి బుక్క గుంజుమంటున్నవ్ నన్ను. ఈ గనిల ఒక్కటే నేరమున్నది, అదేందో నీకెరుకే."

"వారం ఆపి చూద్దాం పెద్దయ్యా. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు ఇద్దాం. వాచిన గోడ గూడ అవి తాగుతది."

"ఎవరి మనిషిని ఆపుతవ్? ఎవరిస్తరు నీకు?"

నా దగ్గర జవాబు ఉంది. కానీ ముందు అక్కనే అడగాలి, సీసాలు తీసుకుని వచ్చేశాను.

రోజు 8

అక్క అంకె డెబ్బై నాలుగు. కళ్ళు లోపలికి పోయాయి. దాచకుండా అంతా చెప్పాను.

"అంటే నేను తినేదంత ఆ ముండాకొడుకులే తింటున్నరా?" అంది.

"అవునక్కా."

"నేను మాడితే ఆళ్ళు మాడుతరా?"

"మాడుతరనే అనుకుంటున్న. నాకు ఖాయంగ తెల్వదు."

"సరే, ఆపు. పస్తులుండుడు నాకేమన్న కొత్తనా? మీ బావకు చెప్పకు, ఆగమైతడు."

జైబున్‌తో మాట్లాడాను. అక్కకు రసం గిన్నెలో ఉప్పు చక్కెర నీళ్ళు, అప్పుడప్పుడు గంజి తేట. రోగి బంధువులు లోపలికి రాకూడదు కాబట్టి ఎవరికీ తెలియదు. పలక మీద అంకె మాత్రం రోజూ రాయాలి. జైబున్ అబద్ధం రాద్దామంది. నేను ఒప్పుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా ఉన్నది ఉన్నట్టు రాసే చెయ్యి నాది. పైగా అంకె దిగుతుంటే మనిషి లేస్తుండటం ఊరంతా కళ్ళారా చూడాలి, అప్పుడు నోళ్ళు మూతపడతాయి అనుకున్నాను. ఇది పొగరేనేమో.

రోజు 10

అంకె నలభై. విరేచనాలు సగానికి తగ్గాయి. ఇద్దరు పోయారు, డెబ్బై రెండు, అరవై తొమ్మిది. వాళ్ళ రసం నా చేత్తోనే కాచాను.

బావ గది బయటే నిలబడి ఉంటున్నాడు. "దిగుతున్నదేంది కౌసల్యా?" అన్నాడు. "తగ్గేటప్పుడు గట్లనే దిగుతది బావా" అన్నాను. నమ్మాలనే చూశాడు పాపం.

రోజు 12

తొమ్మిది.

జ్వరం లేదు. నెత్తురు లేదు. నన్ను చూసి అక్క, "ఆకలైతున్నదే కౌసీ" అంది. ఏడు రోజుల్లో మొదటిసారి. రోగం వచ్చినవాళ్ళెవరూ ఆకలి అనలేదు, రసాన్ని బలవంతంగా మింగారు. ఆకలంటే ఒళ్ళు తన వంతు తాను అడగడం. గోడ మళ్ళీ పనికి వస్తోందన్నమాట. అక్క పాదాలు పట్టుకుని ఏడ్చాను.

"ఇంకో రెండు దినాలక్కా. గోడ ఇంక పచ్చిగనే ఉన్నది. తర్వాత చెంచాతో మొదలుపెడ్త."

"రెండు దినాలేనా. నీకు పెండ్లి చేసేదాంక ఆగలేదా నేను" అని నవ్వింది.

పలక మీద తొమ్మిది అని నేనే పెద్దగా రాశాను. మొగిలిని రేపు పిలుచుకొచ్చి చూపిస్తాను. మిగతా పదకొండుమందికి రసం ఆపిస్తాను.

రోజు 13

రెండో తొట్టి మళ్ళీ నింపే రోజు. పొద్దుటి పాళీ అంతా అక్కడే ఉండాల్సి వచ్చింది.

తిరిగొచ్చేసరికి గది ముందు జనం. చప్పట్లు కొడుతున్నారు. పలక మీద యాభై రెండు.

తొమ్మిది చూసి బావకు మతి పోయింది. వీధి వీధంతా తిరిగాడు. ఎవరూ ఒక బుక్కతో ఆగలేదు, ఆ పూట తిండి మొత్తం కుండల్లో పోసి ఇచ్చారు. గాలి గొట్టం బాగుచేయాలని చెప్పి లోపలికి వెళ్ళాడు. జైబున్ ఆపాల్సింది. ఆపలేదు.

"ఆకలని అడిగిందక్కా. మొగడు బుక్క పట్టుకొని నిలబడ్డడు. నేనెట్ల ఆపాలె? నువ్వుంటే ఆపుదువా?" అని ఏడ్చింది.

అక్క ఎలా తిందో జైబున్ చెప్పింది. మొదట వద్దందట. బావ ఏడ్చాడట. తర్వాత ఆగలేకపోయిందట. చేతులు నాకుతూ తిందట. మూడు కుండలు.

రోజు 14

జ్వరం నూట నాలుగు. నెత్తురు. అంకె డెబ్బై. ఉప్పునీళ్ళు కూడా నిలవడం లేదు. నేను పక్కనుంచి లేవలేదు. తొట్ల వెచ్చదనం రాయలేదు.

రోజు 15

అక్క పోయింది. అంకె ఎనభై ఒకటి. ఈ గనిలో ఇంతవరకూ ఎవరికీ అంత రాలేదు.

రోజు 16

మొగిలి పంచాయితీ పెట్టాడు. తొమ్మిది అని పలక మీద రాసింది నేనే అని ఒప్పుకున్నాను. నాలుగు రోజులు రసం ఆపానని ఒప్పుకున్నాను. ఆ తర్వాత అక్కను చంపింది ఏమిటో ఎందుకు చెప్పలేదని ఈ పుస్తకం చదివేవాడు అడగవచ్చు. చెబుదామనే నోరు తెరిచాను. ఎదురుగా బావ కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, వాటిని చూసుకుంటున్నాడు. ఆ చేతులతోనే పెట్టాడు. నేను నిజం చెబితే ఆ చేతుల్ని ఏం చేసుకుంటాడు?

నోరు మూసుకున్నాను.

ఇకమీదట నేను బంతిలో కూర్చోకూడదు. అందరూ వరుసగా కూర్చుని తిన్నాక, గోడవైపు తిరిగి ఒక్కదాన్నే తినాలి. ఎవరూ నన్ను అంకె అడగకూడదు. తొట్లు, రసం తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి పని మాత్రం నాకే వదిలేశారు. మొగిలి తీర్పు చెప్పి నా మొహం చూడలేదు. ఆయనకు నాలుగో సీసా వాసన గుర్తుండే ఉంటుంది.

పంచాయితీ అయ్యాక జైబున్ నా వెనకే తొట్ల గదికి వచ్చింది.

"పదకొండు మందున్నరక్కా లోపల" అంది.

"ఎరుకే."

"ఈసారి పలక నేను రాస్త. నువ్వు అడ్డం రాకు."

నేను అడ్డం రాలేదు.

రోజు 17

మొదటి తొట్టి ముప్పై ఆరు. రెండోది ముప్పై ఏడు. మూడోది నింపాను.

పక్కబుక్క కుండలు వచ్చాయి. అన్నీ తీసుకుని, అందరూ చూస్తుండగా పొయ్యి మీద పెట్టి, రసం కాచి, వాసన వీధంతా పాకనిచ్చాను. జనం పోయాక దాన్ని మూడో తొట్టిలో మేతగా పోశాను. రేపు అది తొట్టి పిండై ఎవరిది వాళ్ళ పళ్ళెంలోకే పోతుంది. మంచాల దగ్గరికి మూత పెట్టిన గిన్నెల్లో ఉప్పు చక్కెర నీళ్ళు వెళ్ళాయి.

బయట పలక మీద జైబున్ రాసింది: అరవై ఒకటి, డెబ్బై, అరవై ఎనిమిది. జనం చప్పట్లు కొట్టారు.

రోజు 20

లోపలి అంకెలు: ముప్పై, పద్దెనిమిది, పదిహేను. బయటి అంకెలు: డెబ్బై, డెబ్బై రెండు, డెబ్బై ఐదు. ఒకాయన పోయాడు. రసం ఆపేసరికే అతని పని అయిపోయింది. మిగతా పదిమందికి జ్వరం దిగుతోంది.

గోడవైపు తిరిగి తినడం అంత కష్టమేం కాదు. వెనక మాటలు ఆగిపోవడమే కష్టం.

రోజు 23

ఇద్దరు ఆకలి అన్నారు. గట్టిగా కేకలు వేసి అడిగారు. తలుపు దగ్గర జైబున్, లోపల నేను. మూడు రోజులు ఆగి, చెంచాతో మొదలుపెడతాం. ఒకడు నన్ను తిట్టాడు, నీ అక్కను మాడ్చినట్టే నన్నూ మాడుస్తున్నావన్నాడు. తిట్టడానికి బలం వచ్చిందని రాసుకున్నాను.

రోజు 28

పదిమందీ లేచారు. పడకల గది కడిగి సున్నం వేశాం. వీధిలో బంతి పెట్టారు. పక్కబుక్క గొప్పతనం గురించి మొగిలి మాట్లాడాడట. జైబున్ వచ్చి చెప్పింది. ఆమె అక్కడ తినలేదట, నా పక్కన కూర్చుని తింది.

తర్వాతి కాపరికి: సీసాల పద్ధతి ఏడో రోజు దగ్గర ఉంది. చేసి చూడు, నా మాట నమ్మకు. అందరికీ ఎప్పుడు చెప్పాలో నీకే తెలుస్తుంది. ఓదెలు అనే మనిషి బతికి ఉన్నంతకాలం పదమూడో రోజు మాత్రం ఎవరికీ చదివి వినిపించకు. రోగం మళ్ళీ వస్తే ఆగకు, అప్పుడు చెప్పెయ్.

రోజు 29

తొట్లు మామూలే.

బావ వచ్చాడు. పంచాయితీ తర్వాత ఇదే మొదటిసారి. చిక్కిపోయాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

"పది మంది లేసిన్రంట గదా."

"లేసిన్రు బావా."

"అందరు రసం మీదనే లేసిన్రంట."

నేను గరిట కడుగుతూ ఉండిపోయాను.

"ఒక్క మాటడుగుత, నిజం చెప్పు. ఇగ నీ దిక్కు మళ్ళ రాను. నేను పెట్టినప్పుడు తొమ్మిది కెల్లి యాభై దాటింది. నాలుగు దినాలు నువ్వు ఆపకుంటే, మొదటి నుంచి తిని ఉంటే, లస్మి బతికేదా?"

అడిగి తన చేతుల వైపు చూసుకున్నాడు. నేను కాదంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. అది అతనికి ఇంకా తట్టలేదు. తట్టకూడదు.

"బతికేది బావా" అన్నాను. "నేనే ఆపిన."

ఏదో బరువు దిగినట్టు అతని భుజాలు జారాయి. తర్వాత గడప అవతల ఉమ్మి, గాలి మరల వైపు వెళ్ళిపోయాడు.